మేడ్చల్‌లో అల్లుడు, శామీర్‌పేటలో అన్న

ఈ దేశంలో మహిళల హక్కుల కోసం నిద్రాహారాలు మాని పోరాడే మగవాడు ఎవరంటే, అల్లుడు. మామగారి భూమి ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో ఉందంటే ఇక ఆయన చిత్తశుద్ధిని శంకించే పనే లేదు. పొద్దున మేడ్చల్‌లో అత్తగారింటి సోఫాలో కూర్చుని, 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టంలో ఆరో సెక్షన్ ఏమంటుందో బావమరిదికి విడమరిచి చెబుతాడు. కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో హక్కుదారు అంటాడు. రాజ్యాంగం దాకా వెళ్తాడు. అత్తగారు తెచ్చిన టీ చల్లారిపోతుంది. సాయంత్రం ఔటర్ ఎక్కి పావుగంటలో శామీర్‌పేటలో దిగేసరికి ఆయనే అన్న. చెల్లెలు వాటా మాట ఎత్తితే, "మన ఇండ్లల్ల గట్ల అడిగే ఆనవాయితీ ఉన్నదా చెల్లె? నలుగురు నవ్వరా?" అంటాడు. ఆరో సెక్షన్ టోల్ గేటు దగ్గరే దిగిపోయింది.

ఆయన్ని తప్పు పట్టకండి. దేశాన్ని చూసి నేర్చుకున్నాడు. మహిళల పట్ల అన్ని రకాల వివక్షనూ రూపుమాపాలని ఐక్యరాజ్య సమితి 1979లో ఒక ఒప్పందం చేసింది. మనం 1980 జులైలో సంతకం పెట్టాం. దాన్ని ధ్రువీకరించడానికి 1993 జులై దాకా ఆగాం. అప్పుడు కూడా కింద ఒక తోక తగిలించాం: ఏ వర్గం వ్యక్తిగత వ్యవహారాల్లోనూ ఆ వర్గం తనంతట తాను ముందుకొచ్చి ఒప్పుకుంటే తప్ప జోక్యం చేసుకోం అని. అంటే, చెల్లెలి హక్కు మీద మాకు పూర్తి నమ్మకం ఉంది, అన్న ఒప్పుకుంటే ఇస్తాం. పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలన్న మాటకు సూత్రంగా సరేనన్నాం కానీ, ఇంత పెద్ద దేశంలో ఇన్ని ఆచారాలూ ఇంత నిరక్షరాస్యతా ఉండగా కుదరదన్నాం. ఆ కుదరని పనినే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో చట్టం చేసింది. చట్టం చేసినా జనం కదల్లేదనుకోండి, అది వేరే సంగతి. తరతరాల ఆచారాలను కదిలించింది అమెరికా డిపెండెంట్ వీసా.

జెనీవాలో 2014లో మన పురోగతిని సమీక్షించినవాళ్లు ఆ తోకలు తీసెయ్యమని మళ్లీ అడిగారు. అల్లుడు తల ఊపి వచ్చాడు. ప్రపంచ ఆర్థిక వేదిక 2025 లెక్కలో స్త్రీపురుష సమానత్వంలో 148 దేశాలకు మనది 131వ స్థానం. ఇలాంటి సందర్భాల్లో మనం ఏం చెయ్యాలో ఎవరూ నేర్పక్కర్లేదు, కొలిచిన టేపు తప్పంటాం.

నిజానికి ఈ విషయంలో తెలుగువాళ్లం దేశానికి ఇరవై ఏళ్లు ముందున్నాం. ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లకు తప్ప. ఊళ్లలో పెద్దగా గొడవేమీ కాలేదు. ఎందుకవుతుంది? అప్పట్లో మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల జొన్న చేలు, ద్రాక్ష తోటలు. బోరులో నీళ్లు పడితే పంట, లేకపోతే అప్పు. అప్పులో వాటా కావాలని ఏ ఆడబిడ్డా అడగదు, ఇస్తానని ఏ అన్నా అనడు. తరవాత తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వచ్చింది, ఔటర్ వచ్చింది, ద్రాక్ష పందిళ్లు పోయి వెంచర్ల జెండాలు లేచాయి. ఎకరాలు గజాలయ్యాయి. అప్పుడు అందరికీ ఒకేసారి ఆడబిడ్డలు గుర్తుకొచ్చారు.

గుర్తుకురావడానికి మన దగ్గర మంచి పద్ధతే ఉంది, ఒడిబియ్యం. పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోసి, చీర పెట్టి పంపడం. భూమి ధర లేచిన ఏడు ఒడిబియ్యం వంతు కాస్త ముందుగానే వస్తుంది. చీర కూడా ఈసారి పట్టుది. భోజనాలయ్యాక అన్న చిన్నగా, "రేపొకసారి ఎమ్మార్వో ఆఫీసుకు పోయొద్దాం చెల్లె, విరాసత్ కాయితం ఉన్నది, జర సంతకం పెట్టాలె" అంటాడు. ఆ కాగితం హక్కు విడుదల దస్తావేజు. రైటరు దగ్గర కంప్యూటర్లో నమూనా సిద్ధంగా ఉంటుంది, పేర్లు మారిస్తే చాలు. నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా, సోదరుల మీద ప్రేమాభిమానాలతో నా సమస్త హక్కులనూ వదులుకుంటున్నాను అని ఉంటుంది. ఈ జిల్లాలో అన్నాచెల్లెళ్ల ప్రేమ ఎంత ఉందో తెలియాలంటే రాఖీ పండక్కి కాదు, రిజిస్ట్రేషన్ రద్దీలో చూడాలి.

సంతకం ఒక్కటే అయితే తొందరగా తెమిలేది. వేలిముద్ర కూడా కావాలి. యాభై దాటిన ఆడమనిషి బొటనవేలు మిషను మీద పెడితే ఎర్ర లైటు. మళ్లీ పెడితే మళ్లీ ఎర్ర లైటు. కలుపు తీసి, నాట్లేసి, గిన్నెలు తోమి వేలి గీతలు అరిగిపోయాయి. ఆపరేటరు విసుక్కుంటాడు. అన్న మాత్రం విసుక్కోడు. రుమాలు తడిపి తెచ్చి చెల్లెలి వేలు తనే తుడుస్తాడు, కొంచెం గట్టిగా ఒత్తమంటాడు, ఆ వేలు కాకపోతే ఈ వేలంటాడు. ఆ పొలంలోనే అరిగిన వేలు ఆ పొలం వదులుకోవడానికి పనికిరానంటోంది. నాలుగోసారికి పచ్చ లైటు వస్తుంది. బయట అన్న కూల్ డ్రింక్ ఇప్పిస్తాడు.

వెనక్కి అడిగితే జవాబు ఎప్పుడూ రెడీ: "పెండ్లికి కట్నం ఇయ్యలేదా?" ఈ ఒక్క ముక్కకు న్యాయశాస్త్రంలో పీహెచ్‌డీ ఇవ్వొచ్చు. కట్నం తీసుకోవడం నేరం, ఇవ్వడమూ నేరమే, 1961 నుంచి. ఒక నేరం చేసి, దాన్నే రసీదుగా చూపించి, చట్టం ఇచ్చిన హక్కును కొట్టేయడం అన్నమాట. పైగా ఆ కట్నం చెల్లెలి చేతికి వచ్చిందేం కాదు, బావ కారు కింద కరిగిపోయింది.

శామీర్‌పేటలోనే, జస్టిస్ సిటీ అనే గొప్ప పేరుగల చోట, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న ఏం చెప్పిందో అక్కడి పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు. సవరణ వచ్చే నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు కూతురిదే అని. ఆ తీర్పు క్యాంపస్ గోడ దాటి ఊళ్లోకి వచ్చింది కూడా. తెచ్చింది ఏ మహిళా సంఘమో కాదు, బిల్డరు. ఆయన వకీలు లీగల్ ఒపీనియన్‌లో మొట్టమొదట అడిగేది, "ఆడబిడ్డల సంతకాలున్నయా?" అనే. లేకపోతే టైటిల్ క్లియర్ కాదు, బ్యాంకు లోను రాదు. డెబ్బై ఏళ్లు స్త్రీవాదులు చెప్పినా ఎక్కని సంగతి ఒక్క హోమ్ లోనుతో ఎక్కింది. ఆడబిడ్డ ఇప్పుడు హక్కుదారు కాదు, టైటిల్‌లో లోపం. లోపాన్ని సరిచేయడమే మహిళాభ్యుదయం.

మన అల్లుడు కమ్ అన్నకు ఈ మధ్య ఒక లీగల్ నోటీసు వచ్చింది. పంపింది చెల్లెలే, వెనక ఉన్నది బావ. ఆరో సెక్షన్, వినీతా శర్మ, అన్నీ వరసగా ఉన్నాయి. మండిపడి మేడ్చల్‌లోని తన వకీలుకు ఫోన్ చేశాడు. "అన్నా, నీ మామ మీద మనం పంపిన నోటీసే మీ బావకు వాట్సాప్‌ల వచ్చిందట. పేర్లు మార్చి కొట్టిండ్రు," అన్నాడాయన చల్లగా.

ప్రభుత్వాలకు కూడా ఒడిబియ్యం మర్యాద బాగానే తెలుసు. తెలంగాణ వచ్చాక బతుకమ్మను రాష్ట్ర పండగ చేశారు, 2017 నుంచి బతుకమ్మ చీరలు పంచారు. మంత్రివర్గంలో మాత్రం 2014 జూన్ నుంచి 2019 సెప్టెంబరు దాకా ఒక్క మహిళ లేదు. చీరకూ వాటాకూ ఉన్న సంబంధం మన అన్నకు ఎలా తెలుసో సర్కారుకూ అలాగే తెలుసు. ప్రభుత్వం మారి, 2025 నవంబరులో ఇందిరమ్మ చీరలొచ్చాయి. పేరు మారింది, చీర మారలేదు. 2023 ఎన్నికల్లో 119 మందిలో గెలిచిన ఆడవాళ్లు పది మంది, మంత్రులైంది ఇద్దరు. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ పోయే 229 బస్సులో నిలబడ్డ మగవాళ్లనడిగితే మాత్రం రాజ్యమంతా ఆడవాళ్లదే. ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ల వల్ల రాష్ట్రం ఎంత నష్టపోతోందో నయాపైసలతో చెప్పే ఆ పెద్దమనిషి, తన చెల్లెలి ఎకరం ఇవాళ ఎంత పలుకుతుందో ఎప్పుడూ లెక్క కట్టలేదు.

పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే కదా అంటారు. నిజమే. దానివల్ల సర్పంచ్ భర్త అనే కొత్త పదవి పుట్టింది. ఆవిడ సంతకం, ఆయన కుర్చీ. ఈ బెడద మీద కేంద్రం 2023లో కమిటీ కూడా వేసింది. మేడ్చల్ జిల్లా మాత్రం కమిటీతో పని లేకుండానే సమస్యను పరిష్కరించేసింది. పంచాయతీలన్నీ మున్సిపాలిటీల్లో కలిసిపోయాయి. 2025 డిసెంబరులో రాష్ట్రమంతా పంచాయతీ ఎన్నికలు జరుగుతుంటే ఇక్కడ ఎన్నుకోవడానికి ఒక్క సర్పంచ్ పదవీ లేదు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకున్న ఎంతమంది సర్పంచ్ భర్తలు ఉపాధి కోల్పోయారో ఎవరూ రాయలేదు. వాళ్లకేం ఢోకా లేదు లెండి, మేడ్చల్, తూంకుంట మున్సిపాలిటీలు కూడా జీహెచ్ఎంసీలో కలిశాయి, అక్కడా సగం వార్డులు మహిళలవే. కార్పొరేటర్ భర్తకు గౌరవం ఇంకా ఎక్కువ.

ఇక పెద్ద వాటా సంగతి. చట్టసభల్లో మూడో వంతు ఇస్తామని 1996లో బిల్లు పెట్టారు. 2023 సెప్టెంబరులో అది చట్టమైంది. ఇరవై ఏడేళ్లు. ఇచ్చారా అంటే, ఇచ్చారు. ముందు జనగణన జరగాలి, దాని మీద నియోజకవర్గాల హద్దులు గీయాలి, ఆ తరవాతే అమలు అని అందులోనే రాశారు. 2021లో కావాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది. శామీర్‌పేట అన్న కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే అంటాడు: "ఇయ్యనంటున్ననా చెల్లె? సర్వే కానీ, హద్దులు తేలనీ." ఎన్ని హద్దులు తేలినా తన వాటా గజం తగ్గకూడదన్నది ఆయన మనసులో మాట. ఢిల్లీలో దానికీ ఉపాయం ఆలోచించారు. ఇప్పుడు లోక్‌సభలో 543 సీట్లు, 2024లో గెలిచిన ఆడవాళ్లు 74 మంది. కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభకు ముందుగానే 888 కుర్చీలు వేసి పెట్టారు. అన్నలెవరూ లేవనక్కర్లేదు.