గేటుకు ఏడుపు రాదు

కడప జిల్లా బద్వేలుకు దారి తెలియదని మన టీవీ చానళ్లు అనడానికి లేదు. 2021 అక్టోబరు 30న ఇక్కడ ఉప ఎన్నిక జరిగితే ఓబీ వ్యాన్లన్నీ దిగాయి. తెలుగుదేశం, జనసేన పోటీలోనే లేవు, గెలిచేదెవరో పసిపిల్లలకూ తెలుసు. అయినా నవంబరు 2న అప్పటి అధికార పార్టీ అభ్యర్థి దాసరి సుధ 90 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచేదాకా రౌండు రౌండుకూ ఉత్కంఠే. ఆ తర్వాత పదిహేడు రోజులకు, నవంబరు 19 తెల్లవారుజామున, ఇదే కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీద ఏరు పడింది. పాపం, కట్టకు ముహూర్తం చూసుకోవడం చేతకాలేదు. ఆ ఉదయమే ప్రధాని సాగు చట్టాలు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. మధ్యాహ్నం చంద్రబాబు విలేకరుల ముందు వెక్కివెక్కి ఏడ్చారు. రెండూ వార్తలే, కాదనలేం. కానీ ఒక నాయకుడి కన్నీళ్లను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూపినా కెమెరాకు విసుగు రాదు. వరదొచ్చిన ఊరికి మాత్రం స్క్రోలింగే గతి.

ఆ తర్వాత సంగతి ఇంకా ముచ్చట. రెండు రోజులు తిరక్కముందే తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ పడింది, పల్లెలు ఖాళీ చేయించారు. ఈసారి కెమెరాలు ముందే వచ్చి, పెళ్లికొడుకు కోసం కాచుకున్న ఆడపెళ్లివారిలా నిలబడ్డాయి. గండి పడలేదు. తెగిన కట్ట దగ్గర లైవ్ లేదు, లైవ్ ఉన్నచోట కట్ట తెగలేదు.

చానళ్లు అరవకపోతే సర్కారు కదలదు కదా అంటారు. నిజమే, హెలికాప్టరూ పరిహారమూ కొంతవరకు ఆ అరుపు పుణ్యమే. మరి ఆ అరుపు నీళ్లు రాకముందు ఏమైనట్టు? అన్నమయ్య ప్రాజెక్టుకున్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని ఆ డిసెంబరులో కేంద్ర మంత్రి షెకావత్ రాజ్యసభలోనే చెప్పారు. కదలని గేటు గురించి మండల విలేకరి వార్త పంపాడే అనుకోండి, డెస్కు అడిగేది ఒక్కటే: విజువల్స్ ఏవి? తుప్పుకు విజువల్స్ ఏముంటాయి? గేటు ఏడవదు, గుండెలు బాదుకోదు, బిడ్డ పోయిన తల్లిలా మైకు ముందు బైట్ ఇవ్వదు. జనం అవే చూస్తారు, రేటింగులు చెబుతున్నాయి అనేది ఇంకో వాదన. పెట్టింది తిన్నవాడు ఇష్టపడి తిన్నాడని లెక్క రాసుకోవడం హోటలువాళ్లకు చెల్లుతుందేమో, వార్తలకు చెల్లదు.

షెకావత్ మాటతో గేటుకు ఎట్టకేలకు టీవీయోగం పట్టింది. తప్పు మాది కాదు, అంత వరద ఎవరూ ఊహించలేదని రాష్ట్రం అంది. దాంతో గేటు కాస్తా పార్టీల పంచాయితీ అయింది. ఇక అడ్డేముంది, డిబేట్లకు రెండు పార్టీల ప్రతినిధులూ సిద్ధం. గేటు ఎత్తి దించే లస్కరుకు ఆ బల్ల దగ్గర కుర్చీ వేస్తే చర్చ అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. మిగతా యాభై అయిదు నిమిషాలకు ప్రకటనలు ఎవరిస్తారు?