ఎంతో తేలిక పని!

సమాన వేతన చట్టం వచ్చింది 1976లో. వరి మడిలోకి దిగడానికి దానికింకా తీరిక చిక్కలేదు.

నారు కట్టలు మోసుకొచ్చి విసిరే మగ కూలీది ‘బరువు పని’. పొద్దున్నుంచీ బురదలో నడుం వంచి ఆ నారే నాటే ఆడ కూలీది ‘తేలిక పని’. ఎంత తేలికంటే, మగాళ్లెవరూ దాని జోలికే పోరు!

‘పని వేరైతే కూలీ వేరే’ అంటాడు ఆసామి. చట్టం చదివినవాడే మరి.

‘ఆడాళ్లకి బస్సు ఫ్రీ చేశారుగా, ఇంకా కూలి పెంచమంటారేం?’ గట్టు మీద, గొడుగు కింద నుంచి ఇంకో పెద్దమనిషి.

సాయంత్రం కిరాణా కొట్లో మాత్రం కందిపప్పు ఆడకీ మగకీ ఒకటే రేటు. సమానత్వం అక్కడ నూటికి నూరుపాళ్లూ అమలవుతోంది.