మెట్లు లేని గిటారు, మెట్టు దిగని అత్తగారు

మా హన్మకొండలో బేస్ తెలియని మనిషి లేడు. బరాత్‌లో డీజే బండి ఇంకా వీధి మలుపు తిరగకముందే మా వంటింట్లో స్టీలు డబ్బాల మూతలు ఆ కబురు చెప్పేస్తాయి. కిటికీ అద్దాలు, షోకేసులో తాజ్‌మహల్ బొమ్మ, గుండెకు స్టెంట్ వేయించుకున్న ఎదురింటి పెద్దాయన, అందరూ బేస్‌ని ఒంటితో విన్నవాళ్లే. అదే బేస్‌ని గిటారు రూపంలో భుజాన వేసుకుని అదే వీధిలో నడిస్తే మాత్రం "సార్, క్రికెట్ కిట్టా?" అంటారు.

సెకండ్ హ్యాండులో కొన్నాను. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు రైల్లో తెస్తుంటే, ఎదురుగా కూర్చున్న ఓ తెల్లపంచె పెద్దాయన చూపు ఆ నల్ల సంచి మీద నుంచి కదల్లేదు. భువనగిరి దాటాక ఇక ఉండబట్టలేకపోయాడు.

"గండ్ల ఏముంది బిడ్డా?"

"గిటారు పెద్దయ్యా."

జిప్పు తీసి చూపించక తప్పలేదు. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాడు.

"ఆరు తీగలుండాలె గద. రెండు తెగినయా?"

"లేదు, దీనికి నాలుగే."

"మరి మెట్లేవి? కిన్నెరకే పన్నెండుంటయి."

"దీనికి మెట్లుండవు."

కాసేపు ఆలోచించాడు. "తీగలు రెండు తక్కువ. మెట్లు అసలుకే లేవు. పైసలన్న తగ్గించిండా?"

తగ్గించలేదు. పైగా మెట్లు లేనందుకు కాస్త ఎక్కువే తీసుకున్నాడు. ఆ మాట పెద్దాయనకు చెప్పే ధైర్యం చాలక కాజీపేట దాకా కిటికీలోంచి గుట్టలు చూస్తూ కూర్చున్నాను.

ఆయన అడిగిన కిన్నెర సంగతి అందరికీ తెలిసిందే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. వీణకు ఇరవై నాలుగు మెట్లు, మైనంలో కుదిర్చినవి. వీణ సరస్వతీదేవి చేతిలో ఉంటుంది. అంటే చదువుల తల్లి కూడా మెట్లున్న వాద్యాన్నే పట్టుకుంది. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునే నేను మెట్లు అక్కర్లేదన్నాను.

ఈ మెట్ల వెనక ఓ చిత్రమైన కథ ఉంది. పూర్వం బేస్ అంటే మనిషంత ఎత్తున, నిలబెట్టి వాయించే డబుల్ బేస్. దానికి మెట్లుండవు. వేలు ఎక్కడ పడితే స్వరం అక్కడ, ఆ పైన వాయించేవాడి పుణ్యం. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన ఎలక్ట్రిక్ బేస్ చేసి, దాని మెడ మీద లోహపు మెట్లు బిగించి, ఇక స్వరం తప్పే ప్రసక్తే లేదన్న ధీమాతో దానికి ప్రిసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. (ఆ మహానుభావుడికి గిటారు వాయించడం రాదు. వంట రానివాడు పెట్టిన హోటళ్లే బాగా నడుస్తాయని మా ఊళ్లో చాలామందికి గట్టి నమ్మకం.) తీరా 1970కి అదే కంపెనీ ఆ మెట్లు తీసేసి, ఇంకో రకంగా అమ్మింది. పేరు మాత్రం ప్రిసిషనే.

ఈ గొడవ కంపెనీతో ఆగలేదు. ఫ్లోరిడాలో పెరిగిన జాకో పాస్టోరియస్ 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ ఒకటి సంపాదించాడు. దాని మెట్లు పీకి, గాట్లు పుట్టీతో పూడ్చి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూశాడంటారు. 1976లో తన పేరుతోనే వచ్చిన మొదటి ఆల్బమ్‌తో ప్రపంచంలోని బేసిస్టులందరికీ నిద్ర లేకుండా చేశాడు. పాపం, 1987లో 35 ఏళ్లకే పోయాడు. నేను కూడా నా పాత గిటారుకు అదే వైద్యం చేద్దామని ముందు మా వడ్రంగిని అడిగాను. అంతా విని, "పైన సన్‌మైకా ఏద్దామా సార్, మంచిగ సాఫ్ ఉంటది" అన్నాడు. అందుకే రెడీమేడ్‌గా కొన్నాను.

మెట్లు లేకపోతే లాభమేమిటంటే ఆ గొంతే వేరు. మెట్లున్న బేస్ మాట్లాడుతుంది, ఇది పాడుతుంది. స్వరం మొదట మూతి ముడుచుకుని, ఆ తర్వాత మెల్లగా నోరు తెరుస్తుంది. ఆ శబ్దాన్ని బేసిస్టులు ‘మ్వా’ అంటారు. బ్రిడ్జికి దగ్గరగా మీటితే అది ఇంకా బాగా పలుకుతుంది. మా పక్కింటాయనకు మాత్రం అది వేరుగా వినిపించింది. ఓ ఉదయం గోడ మీదుగా తల పెట్టి, "సార్, మీ బోరు మోటర్ బేరింగ్ పోయినట్టున్నది. రాత్రి తొమ్మిదింటికి ఒకటే మూలుగుతాంది. జర మెకానిక్‌కు చూపెట్టుండ్రి" అన్నాడు. చూపిస్తానన్నాను.

ఇక నష్టం సంగతి. తీగ పొడవు 34 అంగుళాలు. తల దగ్గర ఒక అర స్వరానికీ ఇంకో దానికీ మధ్య దాదాపు రెండంగుళాలు, పైస్థాయికి వెళ్లేసరికి అది ఒక్క అంగుళం. మెట్లున్న బేస్ మీద మెట్టుకు వెనక ఎక్కడ నొక్కినా పలికేది ఒకటే స్వరం. ఇక్కడ అలా కాదు. మెట్టు ఉండాల్సిన చోట, సరిగ్గా ఆ గీత మీదే వేలికొన వాలాలి. తీగ నడిమధ్యన, అంటే పన్నెండో మెట్టు ఉండాల్సిన చోట, ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే అర స్వరాన్ని నూరు భాగాలు చేసినప్పుడు నాలుగు భాగాలు తప్పినట్టు. నా వేలికొన వెడల్పు పదిహేను మిల్లీమీటర్లు. సమస్య అర్థమైందనుకుంటాను.

కొన్నింటికి మెట్ల చోట గీతలు గీసి ఇస్తారు. గీతలున్నది కొంటే పరువు తక్కువని బేసిస్టుల్లో ఓ వర్గం. నాకంత పౌరుషం లేదు, గీతలున్నదే కొన్నాను. అయినా పైనుంచి వంగి చూస్తే గీత ఒక చోట, స్వరం ఇంకో చోట ఉంటాయి. చివరికి చెవే దిక్కు.

చెవికో ఆధారం కావాలి కదా. మొదట్లో నాకు ఆ ఆధారం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్. మనకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపు, అంటే 100 దగ్గర గుయ్యిమంటుంది. బేస్ మీద ‘జి’ అనే స్వరం 98 హెర్ట్జ్. రాత్రి సందడి అణిగాక డాబా ఎక్కితే ప్రభుత్వమే తంబురా మీటుతున్నట్టుంటుంది. కాకపోతే ఆ తంబురా అర స్వరంలో మూడో వంతు పైకి ఉంటుంది. దానికి శ్రుతి చేసుకుని దిగివస్తే ఇంట్లో కీబోర్డుతో కలవదు. పైగా కరెంటు పోయిన రోజు శ్రుతి కూడా పోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మోకాలి ఆపరేషన్ చేయించుకుని మా అత్తగారు మా ఇంటికి వచ్చారు.

ఆవిడది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆచార్యులుగా, 1936 నుంచి ప్రిన్సిపల్‌గా ఉన్న సంగీత కళాశాల ఉన్న ఊరు. అక్కడ చిన్నప్పుడు వయొలిన్ నేర్చుకున్నారు, పెళ్లయ్యాక పెట్టెలో పెట్టేశారు. వాద్యం పెట్టెలోకి వెళ్లింది గానీ చెవి వెళ్లలేదు. వచ్చిన రెండో రోజు వంటింట్లో వంకాయలు తరుగుతూ, నా గదివైపు చూడకుండానే అన్నారు:

"బాబూ, గాంధారం పైకి వెళ్లిందండి."

ఫోన్లో ట్యూనర్ యాప్ చూశాను. పచ్చ లైటు వెలుగుతోంది. తెచ్చి చూపించాను. "సరిగ్గానే ఉంది అత్తయ్యగారూ, చూడండి."

"అది పచ్చగా ఉంటే ఏం లాభం బాబూ, చెవికి పచ్చిగా ఉంది" అని మళ్లీ వంకాయలు.

ఫిజిక్స్ వాడిని కాబట్టి ఈ అవమానాన్ని లెక్క కట్టి చూశాను. తంబురా లోపల సహజంగా పలికే అంతర గాంధారం షడ్జానికి అయిదుకు నాలుగు నిష్పత్తిలో ఉంటుంది. కీబోర్డు గాంధారం, అంటే నా యాప్ మెచ్చుకునే గాంధారం, దానికంటే అర స్వరంలో నూటికి పద్నాలుగు భాగాలు పైన. నా లావు తీగ మీద అది అయిదున్నర మిల్లీమీటర్ల తేడా. యాప్ తప్పు కాదు, అత్తగారూ తప్పు కాదు. మెట్లున్న గిటారు అయితే "ఏం చేయమంటారండీ, కంపెనీ వాడు అక్కడే బిగించాడు" అని తప్పించుకునేవాణ్ని. మెట్లు లేని వాద్యానికి అత్తగారి మాట వినకపోవడానికి సాకు ఉండదు. ఎవరు కొన్నా ఈ సంగతి ముందే తెలుసుకుని కొనాలి.

ఆ రోజు నుంచి ట్యూనర్ యాప్ మూలకెళ్లింది, శ్రుతిపెట్టె వచ్చింది. దాన్ని మూడు శ్రుతికి పెట్టి, మాయామాళవగౌళలో సరళీ స్వరాలు. నేను విదేశీ వీడియోలు చూసి రాసుకున్న టెక్నిక్ అంతా ఆవిడ ముందు పెట్టాను. బొటనవేలు మెడ వెనక, నడివేలికి ఎదురుగా ఉండాలి. మెడను పిడికిట్లో బిగించకూడదు, మణికట్టు మడత పడకూడదు. తల దగ్గర దూరాలు ఎక్కువ కాబట్టి నాలుగు వేళ్లూ చాపకుండా చూపుడు, నడిమి, చిటికెన వేళ్లతో సరిపెట్టుకోవాలి. ఉంగరపు వేలు చిటికెన వేలికి తోడు. ఇది 19వ శతాబ్దంలో వియన్నాలో డబుల్ బేస్ నేర్పిన సిమాండ్ల్ పద్ధతి. కుడిచేతి రెండు వేళ్లూ మార్చి మార్చి మీటాలి, మీటిన వేలు పక్క తీగ మీద వాలి ఆగాలి. అక్కర్లేని తీగల్ని మూయాలి, లేకపోతే నాలుగూ ఒకేసారి మాట్లాడతాయి.

ఆవిడ అంతా విని, "ఇవన్నీ మా మాస్టారు పేక బెత్తంతో చెప్పినవే కదండీ" అన్నారు.

ఒక్క దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. ఫ్రెట్‌లెస్, అంటే మెట్లు లేని బేస్ అనగానే అందరికీ ముందు మోజు పుట్టేది వేలిని తీగ వెంబడి ముందుకూ వెనక్కూ దొర్లించి స్వరాన్ని వణికించడం మీద. నాకూ అదే మోజు. స్వరం ఎక్కడుందో సరిగ్గా తెలియనప్పుడు కాస్త వణికిస్తే ఆ చుట్టుపక్కల ఎక్కడో తగులుతుందని ఆశ. ఆవిడ చేయి ఎత్తి ఆపేశారు.

"వణికిస్తే తప్పు దాగదు బాబూ. ఇందాకా ఒకవైపే తప్పు, ఇప్పుడు రెండు వైపులా."

ఆ తర్వాత నేను చదునుగా వాయిస్తుంటే దానికీ ఊరుకోలేదు. "పాలకొల్లులో పుట్టిన మన మాండలిన్ శ్రీనివాస్, ఆ బుల్లి వాద్యం మీద, అన్ని మెట్లున్నా గమకం పలికించాడు. మీకు అడ్డే లేదు, మీరు మెట్టు మెట్టుకీ ఆగుతారేంటండీ?" అన్నారు. వణికించకూడదు, ఆగకూడదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న సన్నని సందులోనే సంగీతం ఉందట. నా వేలు అందులో పట్టడం లేదు.

ఓ ఆదివారం ఇంటిల్లిపాదీ రామప్పకు వెళ్లాం. 1213 నాటి శాసనం ఉన్న గుడి. అక్కడ ఓ శిల్పాన్ని గైడ్ వేలితో తట్టి, సరిగమలు వినిపిస్తాయి చూడండన్నాడు. అత్తగారు చెవి దగ్గర పెట్టి విని తల ఊపారు. ఎనిమిది వందల ఏళ్లకు ఆ రాయి పాసైంది.

బేస్ నేర్చుకునేవాడికి ఇంకో బాధ ఉంది, దానికి ఫ్రెట్‌లెస్ అయినా ఒకటే, కాకున్నా ఒకటే. వచ్చిన చుట్టాలందరూ "ఏదన్న పాట వాయించు బావా" అంటారు. నేను ఇళయరాజా పాట ఒకటి ఎత్తుకుంటాను. ఆయన పాటల్లో బేస్ అంటే పాట కింద ఇంకో పాట, నా లెక్కలో తెలుగు సినిమాకు దక్కిన పెద్ద వరాల్లో అదొకటి. పల్లవి, చరణం అయ్యేదాకా వాయించి ఆపితే మా బామ్మర్ది ఓపిగ్గా, "శ్రుతి చూస్కునుడు అయిపోయిందా? ఇగ పాట షురూ చెయ్" అంటాడు. రికార్డు చేసి ఫోన్లో పంపిస్తే అసలేమీ వినపడదు. అన్నింటికంటే కింది స్వరం 41 హెర్ట్జ్, ఫోన్ స్పీకరుకు అది గాలితో సమానం. మా చెల్లెలు "వీడియో బాగుంది అన్నా, ఆడియో రాలే" అని జవాబిచ్చింది.

అలాంటిది, మొన్న వినాయక చవితికి మా కాలనీ మండపంలో ఆర్కెస్ట్రా పెడుతూ నన్నూ పిలిచారు. వీధిలో మొదటిసారి దాన్ని క్రికెట్ కిట్ అనకుండా పిలిచినందుకే నాకు సగం తృప్తి. స్టేజీ ఎక్కి వైరు గుచ్చబోతుంటే సౌండ్ బాక్సుల తమ్ముడు వచ్చాడు. నా వాద్యాన్ని జాలిగా చూసి, "అన్నా, బేస్ నా దగ్గర మస్తున్నది, మిక్సర్ల ఎంత గావాల్నంటె అంత వెడ్త. నువ్వు ఊకె నిలవడు" అన్నాడు. బతిమాలి వైరు గుచ్చుకున్నాను.

కీబోర్డు ఉంది కాబట్టి గాంధారాన్ని ఆ అయిదున్నర మిల్లీమీటర్లు పైకి జరిపే వాయించాను. దానికి ఇంట్లో ముందుగానే పర్మిషన్ తీసుకున్నాను. వణికించలేదు. ఒక కుర్రాడు భక్తిగీతం అందుకున్నాడు. చరణానికి చరణానికి అతను కొంచెం కొంచెం పైకి పోతున్నాడు, కీబోర్డు ఆ కుర్రాణ్ని వెంటాడలేక అక్కడే ఉండిపోయింది. బాక్సుల ముందు పిల్లలు ఇవేమీ పట్టకుండా ఎగురుతున్నారు. మొదటి వరసలో ప్లాస్టిక్ కుర్చీలో, కాలు చాపుకుని మా అత్తగారు.

పాట అయ్యాక వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను.

"బాగుంది బాబూ. షడ్జమం మీ దగ్గరే ఉంది" అన్నారు. మొదటిసారి. నేనింకా ఆ మాట రుచి చూస్తుండగానే, "ఆ సంగతి ఒకసారి వెళ్లి ఆ పాడే అబ్బాయికి కూడా చెప్పండి" అన్నారు.

చెప్పలేదు. ఆ అబ్బాయి మండపం కమిటీ అధ్యక్షుడి బామ్మర్ది.