సూడో మేస్టారు

ప్రతి ఊళ్ళోనూ హోమియో మాత్రలు ఊరికే పంచిపెట్టే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. మనకి జబ్బుందా లేదా అన్నది ఆయనకి అనవసరం. దారిలో ఆపి, నాలుక చాపమని, నాలుగు తీపి గుళికలు వేసి, వారం రోజులు కాఫీ ముట్టొద్దని చెప్పి పంపేస్తాడు. మా నర్సీపట్నంలో ఆ ఉద్యోగం మేస్టారు చేస్తున్నారు. కాకపోతే ఆయన ఇచ్చేది గుళికలు కాదు, జీఫోర్ట్రాన్. ఫోర్ట్రాన్ అనే పాతకాలపు భాషలో రాసిన ప్రోగ్రాముని కంప్యూటరు నడిపేలా మార్చిపెట్టే ఉచిత కంపైలరు.

మూత తెరిచిన లాప్‌టాప్ కనబడితే ఆయన చెయ్యి ఆగదు. బలిఘట్టంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. ఫోటోగ్రాఫరు కుర్రాడు భోజనానికి లేచాడు. అతను విస్తరి ముందు కూర్చుని పప్పు కలుపుకుని, సాంబారు దాటి, పెరుగులోకి వచ్చేసరికి ఇక్కడ మేస్టారు పెన్‌డ్రైవు పీకి జేబులో వేసుకుంటున్నారు. మూడు వారాల తర్వాత ఆల్బం చేద్దామని ఫోల్డరు తెరిస్తే, ఫోటోల మధ్య 'ఎ డాట్ ఈఎక్స్ఈ' అని ఒక అనాథ ఫైలు. నొక్కితే నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని, అందులో వధూవరులకు ఆశీస్సులు ఇంగ్లీషు అక్షరాల్లో తళుక్కుమని, చదివేలోపే మాయమైపోయాయి. కుర్రాడు వైరస్ అనుకుని హడలిపోయాడు. నాకు నవ్వొచ్చింది. కొత్తగా పుట్టిన ప్రోగ్రాముకి పేరు పెట్టకపోతే కంపైలరే 'ఎ' అని పేరు పెట్టేస్తుంది. మేస్టారు ఎక్కడా పేరు పెట్టరు. ఊళ్ళో ఎన్ని లాప్‌టాపుల్లో ఎన్ని 'ఎ'లు తిరుగుతున్నాయో ఆ భగవంతుడికే తెలియాలి.

మేస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. డెబ్బైల్లో వాల్తేరులో చదువుకున్నప్పుడు ఫోర్ట్రాన్ ఆయన్ని పట్టుకుంది, ఇప్పటిదాకా వదల్లేదు. పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు, షుగరు అన్నీ దాని తర్వాత వచ్చినవే. రాజారామన్ గారి ఫోర్ట్రాన్ పుస్తకానికి ఖాకీ అట్ట వేసి, పసుపు బొట్టు పెట్టి పూజగదిలో ఉంచారు. కుడి పక్కన సత్యనారాయణస్వామి వ్రతకల్పం ఉంటుంది. రెండింట్లోనూ ప్రక్రియ తప్పితే ఫలం దక్కదని ఆయన నమ్మకం.

అప్పట్లో ప్రోగ్రాము అంటే పంచ్ కార్డులు. కార్డుకి 80 గళ్ళు. మొదటి అయిదు గళ్ళు నంబరు కోసం, ఆరోది పై వరస కిందికి కొనసాగిందని చెప్పడానికి, ఏడు నుంచి 72 దాకా అసలు మాట, మిగతా ఎనిమిదీ కార్డు వరస సంఖ్యకి. కట్ట చేజారి బస్సులో చెల్లాచెదురైతే మళ్ళీ పేర్చుకోవాలి కదా, అందుకు. మొదటి గడిలో 'సి' అని వేస్తే ఆ కార్డు వ్యాఖ్య అన్నమాట. మనుషులు చదువుకోడానికే గానీ యంత్రం దాన్ని చూడనట్టే దాటిపోతుంది.

ఆయన దగ్గర వాడని కార్డులు ఒక పెట్టెడు మిగిలాయి. వాటి వెనక సరుకుల చీటీ రాస్తారు. ఎడమ పక్క సరిగ్గా ఆరక్షరాల జాగా వదిలి, ఏడో గడి నుంచి 'చింతపండు అరకిలో' అని మొదలుపెడతారు. ఒకసారి మధ్యలో 'సి' పెట్టి 'పోయినసారి కందిపప్పులో పుచ్చులు' అని రాశారు. పెదబొడ్డేపల్లి కొట్టు షావుకారు మొహం మాడ్చుకున్నాడు.

"అలా రాసేస్తే ఎలాగండి మేస్టారూ?"

"అది నువ్వు చదవకూడదయ్యా! సి ఉంది చూడు. సరుకులిచ్చేవాడు సి ఉన్న వరస వదిలెయ్యాలి."

"మరెవరికండీ రాసింది?"

"తర్వాత కాలంలో ఈ చీటీ ఎవడైనా సవరిస్తాడనుకో, వాడికి."

ఆయన వైద్యం నాకూ తప్పలేదు. ఇంజనీరింగు చదివే మా మేనకోడలు సంక్రాంతి సెలవులకి వచ్చింది. దాని లాప్‌టాపులో విండోస్ బదులు ఉబుంటు ఉందని తెలిసి, లంబసింగి వైపు పొద్దున్నే పోయే టూరిస్టు కార్లకంటే ముందు, మంచులోంచి మఫ్లరు చుట్టుకుని మేస్టారు దిగబడ్డారు.

"టైపు చెయ్యమ్మా. సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీఫోర్ట్రాన్."

అదీ ఆయనకి సూడో మేస్టారన్న పేరొచ్చిన కథ. ఆయన లెక్కలో 'సూడో' ఇంగ్లీషు మాట కానే కాదు. "కంప్యూటరు పట్టించుకోకుండా కూర్చుంటే, ఒరే ఇటు సూడో అని ముందు పిలవాలి. మన విశాఖ భాష తెలిసినవాడెవడో రాశాడు దీన్ని." పెద్ద అధికారి హోదాలో పని చేయించే ఆజ్ఞ అదని మా పిల్ల చెప్పబోయింది. "మరి పెద్దవాళ్ళు పిలిచేదీ అలాగే కదమ్మా" అన్నారు.

పాస్‌వర్డు కొడితే తెర మీద చుక్క కూడా పడదు. అది దాని పద్ధతి. మేస్టారు మాత్రం ఆ క్షణంలో కళ్ళు మూసుకుంటారు. ఎవరి పాస్‌వర్డయినా సరే. నూతి దగ్గర స్నానం చేసే ఆడవాళ్ళని చూడకూడదన్నంత నియమంగా. ఆ తర్వాత వరసలు గబగబా పైకి పోతుంటే, వై నొక్కమని, మొత్తం దిగేదాకా చేతులు కట్టుకుని నిలబడతారు. కంప్యూటరు పనిచేస్తున్నప్పుడు కూర్చోడం అమర్యాదట.

విండోస్ వాళ్ళ ఇంట్లో కథ వేరు. అక్కడ కంపైలరు దిగుతుంది గానీ, పిలిస్తే పలకదు. 'జీఫోర్ట్రాన్' అనేది లోపలి ఆజ్ఞా కాదు, బయటి ఆజ్ఞా కాదు అని ఇంగ్లీషులో మొండికేస్తుంది. దాని చిరునామా పాత్ అనే జాబితాలో చేర్చాలి. జెరాక్సు షాపు కుర్రాడికి ఇది ఎన్ని పుస్తకాలు చెప్పినా బుర్రకెక్కలేదు. మేస్టారు ఒక్క మాటలో తేల్చేశారు. "నర్సీపట్నం రోడ్ స్టేషన్లో రైలు దిగినవాడికి నర్సీపట్నం కనిపిస్తుందా?" కనిపించదు. స్టేషను పేరులో ఊరుంది గానీ ఊళ్ళో స్టేషను లేదు. దిగి బస్సెక్కాలి. "బస్సెక్కడుందో చెప్పే బోర్డే పాత్" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ స్టేషను పేరు వల్ల ఒక మనిషికి జ్ఞానం కలగడం నేను చూడ్డం అదే మొదలు.

ఊరికే ఇస్తున్నారంటే మావాళ్ళకి అనుమానం. తర్వాత డబ్బు లాగుతారేమోనని ఒకడు, ఫోన్‌నంబరు తీసుకుంటారేమోనని ఇంకొకడు. మేస్టారు పులిహోర లెక్క చెబుతారు. "పెట్టినవాడు పులిహోరతోపాటు పోపు లెక్క కూడా రాసిచ్చాడు. నువ్వు ఇంగువ ఎక్కువేసుకో, తప్పులేదు. కానీ ఆ మార్చిన పులిహోర పదిమందికి పెట్టావంటే నీ పోపు లెక్కా వాళ్ళకి ఇవ్వాలి." స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించినప్పటి నుంచి ఆ వంటశాల నడుస్తోంది. మొదట్లో ఫోర్ట్రాన్‌కి అక్కడ జీ77 ఉండేది, 2005లో గ్నూ కంపైలర్ల కట్ట జీసీసీ నాలుగో విడతతో దాని గరిటె జీఫోర్ట్రాన్ అందుకుంది. ఈ సంగతులు మేస్టారు తారీకులతో సహా చెబుతారు. సొంత మనవల పుట్టినరోజులు మాత్రం డైరీ చూడాలి.

ఇంతకీ ఎక్కించడమే ఆయన పండుగ. వాడడం దగ్గరకొచ్చేసరికి ఉపవాసం. తన పాత ప్రోగ్రాము ఒకటి, వాల్తేరు రోజులది, మా పిల్లచేత టైపు చేయించారు. పేరు చివర 'ఎఫ్ 90' అని పెట్టింది అది. కంపైలరు తెర నిండా తప్పులు కక్కింది. ప్రతిదాని కిందా ఇదేం వాక్యమో పోల్చుకోలేకపోతున్నానని, బ్రాకెట్లో ఒకటి అంకె వేసి వేలు పెట్టి మరీ చూపించింది. ఎఫ్ 90 అంటే గళ్ళ నియమం లేని కొత్త పద్ధతి. అక్కడ మొదటి గడిలో సి పెడితే అది వ్యాఖ్య కాదు, వట్టి సి. చివర ఉత్త 'ఎఫ్' అని మార్చగానే పాత ఆచారం గుర్తొచ్చినట్టు నోరు మూసుకుంది. ఒక్క హెచ్చరిక మిగిలింది.

ఆ హెచ్చరిక చదివి మేస్టారు మఫ్లరు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. పాత ఫోర్ట్రాన్‌లో మూడుదారుల 'ఇఫ్' ఒకటి ఉండేది. లెక్క మైనస్‌లోకొస్తే ఒక దారి, సున్నా ఐతే ఒక దారి, ప్లస్ ఐతే ఒక దారి. ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడ్డవాడికి చింతపల్లి, తుని, అనకాపల్లి బస్సుల్లాగ. దాన్ని 2018 ప్రమాణంలో తీసేశారు.

"తీసేశారా?" అన్నారు. "కబురైనా లేదు."

"హెచ్చరికే తాతయ్యా. ప్రోగ్రాము నడుస్తోంది" అంది మా పిల్ల.

నిజంగానే నడిచింది. పుస్తకంలోంచి కొట్టేసిన మాటని కూడా పెద్దాయన రాశాడు కదా అని గొణుక్కుంటూ చేసిపెట్టింది. మేస్టారు ఆ పూట టీ తాగలేదు.

ఇక పొలం సంగతి. రావికమతం వైపు రైతు ఒకాయన తన మూడుమూలల చెక్క ఎంతుందో చెప్పమని వచ్చాడు. సర్వేయరొచ్చే ముందు మన లెక్క మన దగ్గర ఉండాలని. అడుగు భుజం 330 అడుగులు, ఎత్తు 264. నోటితో చెప్పేసే లెక్క. మేస్టారు చెప్పరు కదా! ప్రోగ్రాము రాశారు. ఒకటి బై రెండు, ఇంటూ భుజం, ఇంటూ ఎత్తు. కంపైలు చేసి, డాట్ పెట్టి, గీత పెట్టి, ఎంటరు కొట్టారు.

సున్నా. చుక్క. ఆ తర్వాత ఎనిమిది సున్నాలు.

రైతు తెరకేసి చూశాడు. మేస్టారికేసి చూశాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏటి బావూ... నా భూవి ఏటైపోనాది?"

"ఉండవయ్యా."

"మా తాత కాడి నుంచీ దున్నుతున్నాం బావూ. నిన్న కూడా ఉంది. ఇప్పుడే సూసొచ్చాను."

మేస్టారు మళ్ళీ నడిపారు. మళ్ళీ సున్నా. రైతుకి చెమటలు పట్టేశాయి. కంప్యూటర్లో సున్నా పడితే ఊళ్ళో భూమి పోతుందన్న భయం ఈ రోజుల్లో అంత తీసిపారేసేదేం కాదు. చివరికి మా పిల్ల వంగి చూసి, ఒకటిని రెండుతో భాగిస్తే ఫోర్ట్రాన్‌కి సున్నా అని చెప్పింది. రెండూ పూర్ణాంకాలు కాబట్టి జవాబూ పూర్ణాంకమే కావాలి, అర అన్నది పూర్ణాంకం కాదు గనక కోసి అవతల పారేసింది. సున్నాని దేనితో హెచ్చవేస్తే ఏముంది. దాని బదులు 0.5 అని పెట్టారు. 43560, చుక్క, నాలుగు సున్నాలు. చదరపు అడుగులు. సరిగ్గా ఎకరా.

"ఎకరా అని నాకు తెలుసు కద బావూ!" అన్నాడు రైతు, తలపాగా మళ్ళీ చుట్టుకుంటూ.

నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కల్లో పొరపాటు చెయ్యొద్దని చెప్పిన మనిషి. ఆ సాయంత్రం ఆయన మొహం చూడాలనిపించలేదు నాకు.

కానీ ఆయన్ని వట్టి వెర్రిబాగులవాడని కొట్టెయ్యలేం. 1957లో ఐబీఎం 704 కంప్యూటరు కోసం జాన్ బ్యాకస్ బృందం ఇచ్చిన భాష ఫోర్ట్రాన్. మా జిల్లా పేరు విశాఖ నుంచి అనకాపల్లికి మారింది గానీ ఆ భాష పని మారలేదు. గాలినీ సముద్రాన్నీ లెక్కకట్టే ప్రోగ్రాముల్లో పెద్దవి, వాతావరణానికి డబ్ల్యూఆర్ఎఫ్ లాంటివి, ఇవాళ్టికీ ఫోర్ట్రాన్‌లోనే ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. ఆ తర్వాత తుపాను అన్న మాట టీవీలో వినబడితే చాలు, ఊరంతా కిటికీలు బిగించుకుంటుంది, మేస్టారు మాత్రం కుర్చీ ముందుకి లాక్కుంటారు. తెర మీద తుపాను దారి గీత గీసినప్పుడల్లా, ఆ గీత వెనక ఎక్కడో ఒకే లెక్కని మళ్ళీ మళ్ళీ చేసే డూ లూపు ఒకటి తిరుగుతోందని, అది ఒకటి దగ్గర మొదలవుతుందని ఆయనకి లోలోపల ఒక ఆనందం. సున్నా నుంచి లెక్కపెట్టే భాషలంటే ఆయనకి పడదు. "ఏ షావుకారైనా బస్తాలు సున్నా నుంచి లెక్కపెట్టాడుటయ్యా?"

డబ్బు విషయంలో ఫోర్ట్రాన్‌కి లోకజ్ఞానం ఉందని ఆయన వాదన. దానికి ఒక పాత నియమం ఉంది. రాశి ఏ రకమో మనం చెప్పకపోతే పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం చూసి అదే నిర్ణయించుకుంటుంది. ఐ నుంచి ఎన్ దాకా ఐతే పూర్ణాంకం, పైసలు ఉండవు. మిగతా అక్షరాలైతే పైసలతో సహా. "చూడండి. జీతం జే. లాభం ఎల్. కూలి కే. నగదు ఎన్. అన్నిటికీ పైసలు కట్! అప్పు ఏ. బాకీ బీ. వడ్డీ వీ. పన్ను పీ. ఒక్క పైసా వదలదు. అమెరికావాడు అక్షరాలు ఎవరిని చూసి పెట్టాడో గానీ, మన ఇల్లు చూసే పెట్టాడు." దీన్ని ఆపడానికి ఇంప్లిసిట్ నన్ అని ఒక వరస రాస్తే చాలని మా పిల్ల అంది. "రాస్తే బ్యాంకువాడు ఒప్పుకుంటాడా?" అన్నారు.

మొన్న ఆయనతో పాటు కొట్టుకి వెళ్ళాను. షావుకారు ఇన్నాళ్ళలో నేర్చుకున్నాడు కాబోలు, బిల్లు రాసి, కింద బుద్ధిగా ఆరక్షరాల జాగా వదలకుండా మొదట్లోనే సి పెట్టి, 'పాత బాకీ 340' అని వేశాడు. మేస్టారు చీటీ అందుకుని కళ్ళజోడు సవరించుకున్నారు. కొత్త సరుకులకి డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు.

"పాతదండీ?"

"ఏ పాతది? సి ఉందిగా. అది వ్యాఖ్య. లెక్కలోకి రాదు."

చీటీ నాలుగు మడతలు పెట్టి, జేబులో పెన్‌డ్రైవు పక్కన దోపుకుని రోడ్డెక్కారు. మేం పది అడుగులు వేశామో లేదో వెనకనుంచి షావుకారు కేక వేశాడు.

"మేస్టారండీ! ఐతే 'అప్పు' అని రాసుకుంటానండి! ఏతో! పైసల్తో సహా!"