దొరవారి మందు

మేడారమున రెండేండ్లకొకమాఱు మాఘమాసమున సమ్మక్క సారలమ్మల జాతర జరుగునపుడు, జంపన్నవాగున మునిగి, బెల్లమును ‘బంగార’మని నెత్తికెత్తుకొని గద్దెల వైపు నడచు భక్తకోటిలో మోకాళ్లు లేనివారెవ్వరును లేరు గనుక, ములుగునుండి తాడ్వాయి మీదుగా పోవు ఆ త్రోవ పొడవునను మోకాలినొప్పుల మందు దొరకని చోటును లేదు. టార్పాలినుపై ఏదుముళ్లును, ఎండిన వేళ్లును, నల్లేరు కాడలును పఱచి, తలపాగలో నెమలియీకయు, మెడలో పూసలపేరును, చేత మైకును దాల్చి కూర్చున్న పురుషుని జనులు కోయదొర యందురు. ఏడు గుట్టల కవతల, ఏటూరునాగారపు టడవిలో, అమావాస్యనాటి అర్ధరాత్రమున త్రవ్వి తెచ్చిన మూలికలని ఆయన సెలవిచ్చును; కొన్నింటికి పచారీకొట్టు చీటి యింకను అంటియే యుండును. నిజమగు కోయలు ఆ దినములలో చిలకలగుట్టనుండి సమ్మక్కతల్లిని కుంకుమభరిణె రూపమున గద్దెకు చేర్చు కార్యమున నుందురు గాన, వారి పేరు మాత్రమే ఇచ్చట అమ్ముడుపోవుచుండును.

“అవ్వా, మూడు దినాలు మింగు, నాలుగోనాడు ఉరుకకపోతే పైసలు వాపస్!” అని దొర కేకవేయును. వాపసు పుచ్చుకొనుటకు మఱుజాతరదాక రెండేండ్లాగవలెనని అవ్వకు తోచదు. ఆస్పత్రి డాక్టరు మాత్ర వ్రాసిన “గిది వేడి చేస్తదా, కిడ్నీలు ఖరాబైతయా” యని పది ప్రశ్నలు వేసి, చివరకు దానిని మింగక గూట దాచు ఆమెయే, ఇచ్చట పొట్లములోని పొడి ఏమని యొక్కమాటైన నడుగదు. అడిగినను “నూటొక్క మూలికలమ్మా, గురువు చెప్పొద్దన్నడు” అనుటతో శాస్త్రచర్చ ముగియును.

మూలికలతో నాకు వైరము లేదు. వావిలాకు కాచిన నీళ్లతో కాపడము పెట్టుకొనని బాలెంత మన పల్లెలలో అరుదు. నల్లేరు పచ్చడి రుచి నెఱిగినవాడు దానిని మందని నిందింపడు. శొంఠికిని, గుగ్గిలమునకును వైద్యగ్రంథములలో గౌరవస్థానమే కలదు. వచ్చిన చిక్కెల్ల ఆ మూడు దినములతోనే. ఏండ్ల తరబడి అరిగిన కీలు మూడు దినములలో ఏ వేరువలనను చక్కబడదు గాని, అవ్వ మాత్రము నిజముగనే నాలుగవనాడు లేచి నడచును. ఈ మహిమ కంపెనీలో పుట్టినది. ఇట్టి ‘అచ్చమైన మూలికల’ పొడులను పరీక్షశాలల కంపినపుడు పలుమాఱు డెక్సామెథసోను అను స్టెరాయిడును, డైక్లోఫెనాకు అను నొప్పిమాత్రయు పట్టువడినవి. మెడికల్ షాపులో చవుకగా దొరకు మాత్ర, రోట నలిగి, నెమలియీక నీడన కూర్చున్నంతమాత్రమున వనౌషధియైనది! నెల గడచునప్పటికి అవ్వ మొగము ఉబ్బి గుండ్రనగును; ఇరుగుపొరుగులు “మందు పడ్డది, ఒళ్లు జేసింది” అని మెచ్చుకొందురు; రక్తమున చక్కెర పెరుగును, ఎముక గుల్లబారును; పొట్లము లయిపోయి హఠాత్తుగా మానివేసిననాడు ఒకొక్కతె కుప్పకూలును. అపుడు తప్పు పథ్యముపై పడును. వంకాయ తిన్నదట!

ఈ విద్య మన యడవులకే ప్రత్యేకమని గర్వింపరాదు. చీనాదేశమున సన్ సిమియావో అను మహావైద్యుడు ఏడవ శతాబ్దిని కీళ్లనొప్పులకు, బిగువునకు ‘దుహువో జిషెంగ్’ అను పదునైదు ద్రవ్యముల కషాయమును వ్రాసెను. అందు మల్బరీచెట్టు బదనికయు, దాల్చినచెక్కయు, అతిమధురమును, మన యుత్తరేణికి దాయాది వేరును కలవు. డెక్సామెథసో నాకాలమున లేదు గనుక, మూడుదినముల వాగ్దానముచేయు భాగ్యము పాపము ఆయనకు కలుగలేదు. ఆయన సంతతివా రా లోపమును తీర్చిరి: ‘చుయ్‌ఫాంగ్ తౌకువాన్’ అను కీళ్లనొప్పుల మూలికామాత్రలు మింగినవారికి నెత్తుటిలోని తెల్లకణములు పడిపోవగా, అందు ఫెనైల్‌బ్యూటజోను, అమైనోపైరీను అను రసాయనములు కలవని 1975లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. మూలికయే యైనను క్షేమమనుకొందమా? చీనావారు వాతపునొప్పులకు వాడు ‘ఫాంగ్‌జి’ వేరు బెల్జియములో బక్కచిక్కుటకై మింగు మాత్రలలో చేరినపుడు, దానికి బదులు మన యీశ్వరితీగె కులమునకే చెందిన మఱియొక వేరు పడి, పలువురు స్త్రీల మూత్రపిండములు చెడినట్లు 1993లో వెల్లడియయ్యెను. అది నూటికి నూఱుపాళ్లు ప్రకృతియే; కల్తీయైనను ప్రకృతితోనే జరిగినది.

జాతరదారిని పోవుచు దొరను చూచి ముక్కు విఱుచు విద్యావంతుడొకడు కారులో నుండును. ఆయన అరికాళ్లకు రాత్రియెల్ల అంటించుకొన్న చీనాపట్టీ, పొద్దున నల్లబడి, దేహములోని విషమునంతను పీల్చినదట. చెమటతడికే అది నల్లబడునని చెప్పిన స్నేహితునితో ఆయన మాటలు మానినాడు.

చట్టము లేకపోలేదు. 1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టము, నయము చేయుదునని చాటరాని వ్యాధుల పట్టికలో కీళ్లవాతమును చేర్చినది. నోటితో చాటినను, వెలుతురుతో చాటినను, కడకు పొగతో చాటినను ప్రకటనయే యని నిర్వచించినది. ఆ మైకుకు పదియడుగుల దూరమున, రెండు దినములనుండి కూర్చుండ వీలులేక బందోబస్తున నిలిచిన కానిస్టేబులు అటునిటు చూచి మెల్లగా దగ్గఱకు వచ్చును. “ఏ దొరా, మోకాళ్లు గుంజుతున్నయ్. నాకైతే ఎంతకిస్తవ్?”