ఊరికే వెయ్యమన్నాను

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో భూతాన్ని చంపడం తేలిక, దాచడమే కష్టం. ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు: ఒకడు డంజన్ మాస్టర్‌గా కూచుని కథ నడిపిస్తాడు. మిగతావాళ్లు యోధుడనో మాంత్రికుడనో రేంజరనో తలో పాత్ర పట్టుకుని "నేనిది చేస్తా" అంటారు. చేయగలిగారో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర ఆ మాస్టర్ ఉద్యోగం నాది. జీతం లేదు. మిర్చి బజ్జీల ఖర్చు కూడా నాదే.

అడవిదారిలో పొదల చాటున నాలుగు గాబ్లిన్లను కూచోబెడతాను. దాక్కునే విద్యలో గాబ్లిన్‌కు పాచిక మీద 6 కలుస్తుంది, అంటే చెయ్యి తిరిగిన దొంగలన్నమాట. ఊపిరి బిగబట్టి కూచున్నాయి. నేనేమో ఏమీ ఎరగనట్టు, "అందరూ ఒకసారి పర్సెప్షన్ వెయ్యండి" అంటాను, అంటే చుట్టూ ఏముందో కనిపెట్టే పాచిక.

అంతే. అప్పటిదాకా ఫోన్లో క్రికెట్ స్కోరు చూస్తున్నవాడు ఫోన్ బోర్లా పెట్టి సర్దుకుని కూచుంటాడు.

"ఎందుకూ?"

"ఊరికే వెయ్యమన్నాను."

వేస్తారు. 3, 5, 2, 4. ఒక్కరి కంటికీ చీమ కూడా ఆనలేదు. "అంతా ప్రశాంతంగా ఉంది, పిట్టలు కూస్తున్నాయి" అంటాను.

"అయితే నేను కత్తి దూస్తా" అంటాడు మా యోధుడు.

"నీకేం కనబడలేదు కదరా!"

"కనబడలేదు కాబట్టే దూస్తున్నా. మావాడు పుట్టుకతోనే అనుమానం మనిషి."

కిందటి వారం ఊరూపేరూ తెలియని ముసలాడిచ్చిన కషాయాన్ని గటగటా తాగేసింది కూడా ఈ అనుమానం మనిషే.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను అచ్చులోకి తెచ్చినప్పుడు ఇంత గొడవ లేదు. ఒక్కో పక్షానికీ మామూలు 6 ముఖాల పాచిక వేస్తే 1 గానీ 2 గానీ పడిందా, ఆ పక్షం ఉలిక్కిపడింది. పొద ఎంత ఎత్తు, చెప్పులు కిర్రుమన్నాయా అని అడిగేవాడు లేడు. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో మా బాధ తీర్చడానికి పాసివ్ పర్సెప్షన్ అని ఒకటి ఉంది. ఆటగాడు పాచిక ముట్టుకోనక్కర్లేదు. 10కి వాడి చూపు బలం కలిపి ఒక అంకె కాగితం మీద రాసి ఉంటుంది. గాబ్లిన్ల తరఫున నేనే తెర వెనక పాచిక వేసి దానితో పోల్చుకుంటాను.

బాగుంది కదా? లెక్క చూడండి. ఆటగాడి అంకె 14 అనుకుందాం. దాన్ని దాటే అవకాశం ఒక్కో గాబ్లిన్‌కు నూటికి 60. ఒక్కదాని తోక కనబడినా ఆశ్చర్యం అక్కడితో సరి. కాబట్టి నాలుగూ దాటాలి, ఆ అవకాశం నూటికి 13. ఇంత చదువుకున్న దొంగలు నలుగురు కలిస్తే ఎప్పుడూ ఒకడు తుమ్ముతాడు. అందుకే ఆ ఏడాదే వచ్చిన స్టార్టర్ సెట్ కథలో, దారికి అడ్డంగా రెండు చచ్చిన గుర్రాలు పడి ఉండే ఘట్టం దగ్గర, నాలుగు గాబ్లిన్లకూ కలిపి ఒకే పాచిక వేయమని రాశారు. రాసినవాళ్లకు మా కష్టం తెలుసు.

దాక్కోవడం కుదిరినా తలనొప్పి వదలదు. 2014 నియమం ప్రకారం ఉలిక్కిపడ్డవాడు తన మొదటి వంతులో కదలకూడదు, ఏమీ చేయకూడదు. ఊరు ఆ చివర నుంచి ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చినవాడితో "ఈ రౌండు నీకు లేదు, బజ్జీ తిను" అని చెప్పి చూడండి. 2024లో దాన్ని మెత్తబరిచారు. ఎవరి వంతు ముందో తేల్చేటప్పుడు రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి, అంతే. మావాళ్లు ఆ పుస్తకాన్ని కళ్లకద్దుకున్నారు.

అసలు గైగాక్స్ కాలం నాటి మాస్టర్లు ఒక్క పాచికనే నమ్ముకోలేదు. ఆటగాళ్ల అతి జాగ్రత్తే వాళ్ల పెట్టుబడి. ప్రతి తలుపుకూ చెవి ఆనించి వింటున్నారా? 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఇయర్ సీకర్ అనే పురుగు ఉంది, తలుపు చెక్కలో కాపురముండి చెవిలో దూరుతుంది. పెట్టె తెరుస్తారా? పెట్టె వేషంలో మిమిక్. పైనుంచి వేలాడే రాయి పియర్సర్, పైకప్పు మొత్తం లర్కర్ అబవ్, కింద నేల ట్రాపర్. ఆ ఇంట్లో అద్దెకుండేవాళ్ల మనోధైర్యం మెచ్చుకోవాలి.

వీటన్నిటిలో నాకు ముద్దొచ్చేది జెలాటినస్ క్యూబ్. పది అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న పారదర్శకమైన జెల్లీ. సొరంగాల దారులు సాధారణంగా పది అడుగుల వెడల్పే కాబట్టి సరిగ్గా సరిపోతుంది. ఇది దాక్కోదు. నడిదారిలో నిలబడుతుంది. కదలకుండా ఉంటే దాన్ని గుర్తించడానికి 15 కావాలి.

మొన్న దాన్ని దింపాను. పాచిక మాటే ఎత్తలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. "ఈ దారిలో దుమ్ము లేదు. ఒక్క సాలెగూడు లేదు. నేల తళతళలాడుతోంది."

"పోనీలే, ఇక్కడివాళ్లయినా శుభ్రంగా ఉన్నారు" అన్నాడు యోధుడు.

"కొంచెం ముందు ఒక కత్తి కనిపిస్తోంది. నేలకు మూడడుగుల ఎత్తున, గాలిలో."

"మంత్రాల కత్తి!" అంటూ పరుగెత్తాడు.

వాడి పాసివ్ 11. మా రేంజర్‌ది 18, అంటే అసలైతే ఎప్పుడో కనిపెట్టేయాలి. కానీ ఆ పూట మ్యాపు గీసే పని తనే ఒప్పుకున్నాడు. నడుస్తూ మ్యాపు గీసేవాడి చూపు లెక్కలోకి రాదని 2014 పుస్తకంలోనే ఉంది. పేజీ తీసి చూపించాను. రేంజర్ దాన్ని రెండుసార్లు చదివి, పెన్సిల్ నా ముందు పెట్టేశాడు. యోధుణ్ణి బయటికి లాగేసరికి బూట్లు కరిగిపోయాయి.

ఇప్పుడు మ్యాపు గీయడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. దాంతో దారి తప్పి, తిరిగి తిరిగి ఒకే గదిలోకి వస్తున్నారు. ఆ గదిలో ఉన్నది ఒక చెక్క కుర్చీ. నిజంగా కుర్చీయే, నా మీద ఒట్టు. దాని మీద బాణాలన్నీ ఖర్చు పెట్టేశారు.