పట్టభద్రులకు టోపీ

ఏప్రిల్, మే నెలల్లో తెలుగునాట ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా అప్పుడే కొన్ని ఇంజనీరింగ్ కాలేజీలకు ఫైనలియర్ పిల్లల మీద ప్రేమ పొంగుకొస్తుంది. మెడ నుంచి మడమల దాకా నల్లగౌను తొడిగి, టోపీ పెట్టి, షామియానా కింద కూర్చోబెడతాయి. ఇది మధ్యయుగాల యూరప్‌లో, చలికి వణికించే రాతి భవనాల్లో చదువుకున్నవాళ్లు కప్పుకున్న అంగీ. మనకు ఆ చలి లేదు కాబట్టి దీనికి సంప్రదాయమని పేరు పెట్టుకున్నాం.

దీన్ని వదిలించాలని పెద్దలు ప్రయత్నించకపోలేదు. 2010లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవానికి వెళ్లిన అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ వేదిక మీదే గౌను విప్పేసి, ఇది వలసపాలన నాటి అనాగరిక ఆచారమన్నారు. స్నాతకోత్సవాల్లో చేనేత దుస్తులు వాడమని 2019లో యూజీసీ విశ్వవిద్యాలయాలకు రాసింది. నల్లగౌను మానేయమని 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ తన వైద్య విద్యాసంస్థలకు చెప్పింది. గౌను భయపడిందా? లేదు, యూకేజీలో చేరింది. గుణింతాలు ఇంకా పూర్తికాని పట్టభద్రులు ఇప్పుడు అమ్మ చంకనెక్కి ఫొటో దిగుతున్నారు.

ఇక టోపీలు ఎగరేయడం.

ఈ ముచ్చట 1912లో అమెరికాలోని అనాపొలిస్ నౌకాదళ అకాడమీలో మొదలైందంటారు. ఆ ఏడాది చదువు ముగిసిన రోజే కుర్రాళ్లకు ఆఫీసర్ హోదా, దానితోపాటు కొత్త టోపీ దక్కాయి. పాతదానితో పనిలేక గాల్లోకి విసిరారు. మన కుర్రాడికి కొత్త టోపీ ఇచ్చే కంపెనీ ఇంకా దొరకలేదు, నెత్తిమీదున్నది అద్దె సరుకు. డ్రోన్ కెమెరా కోసం ఎగరేసి, డిపాజిట్ పోతుందేమోనని కుర్చీల కింద దూరి వెతుక్కుంటాడు. ఈలోగా ముఖ్య అతిథి ఉద్యోగాలు అడిగేవాళ్లు కాకండి, ఇచ్చేవాళ్లు కండి అని ఉద్బోధిస్తుంటారు.

తర్వాత పేరు పిలిచి చేతికి ఫైలిస్తారు. అందులో ఏమీ ఉండదు. పట్టా ఇవ్వాల్సింది యూనివర్సిటీ. ప్రొవిజనల్, మార్కుల మెమోలు కాలేజీ అకౌంట్స్ సెక్షన్ బీరువాలో ఉంటాయి. నో డ్యూస్ ఫారం మీద లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్ సంతకాలన్నీ పడ్డా అక్కడ బండి ఆగుతుంది.

కారణం ఫీజు రీయింబర్స్‌మెంట్. ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో వచ్చిన ఈ పథకం వల్ల ఎన్నో పేద ఇళ్లలో తొలి ఇంజనీరు పుట్టాడు. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకున్నాయి. కాలేజీకి బాకీపడింది ప్రభుత్వం, కాగితాలు జప్తయ్యేది మాత్రం కుర్రాడివి. “ఇప్పుడు నువ్వు కట్టు, సర్కారు డబ్బొస్తే తిరిగిస్తాం” అంటారు. చేరేటప్పుడు తీసుకున్న టెన్త్, ఇంటర్ మెమోలు కూడా ఆ బీరువాలోనే బందీలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ ఉత్తర్వు ఇచ్చింది. బీరువాకు ఉత్తర్వులు చదవడం రాదు. గౌను అద్దెకు, ఫొటోలకు, భోజనానికి వసూలు చేసే డబ్బుకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు కాబట్టి అది మాత్రం ముందే, నగదుగా కట్టాలి.

ఈ ఏడాది ముఖ్య అతిథులకు ఒక్కటే మనవి. ఫైలు చేతికిచ్చే ముందు, కెమెరాల ఎదుట, ఒకసారి తెరిచి చూడండి.